కుళాయి మూతి నుంచి గీజర్ దాకా: నీళ్లు, కరెంటు ఆదా చేసే సామాన్లలో ఏది ముందు కొనాలి?

మార్చి వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ ఒకటే ప్రశ్న: "సంపులో ఎన్ని అడుగులున్నాయి?" మేముండేది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు. మా బోరు ఫిబ్రవరి దాకా ఎలాగో లాక్కొస్తుంది. ఆ తర్వాత ట్యాంకర్లే దిక్కు. రెండేళ్ల కిందట ఒకే నెలలో ట్యాంకర్ల ఖర్చు, కరెంటు బిల్లు రెండూ మీద పడ్డాయి. అప్పటినుంచి ఇంట్లో కుళాయిలు, ఫ్లష్ ట్యాంకు, గీజర్, ఫ్యాన్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. ఒంగోలులో మా అమ్మ వాళ్ల సొంతింట్లో కూడా కొన్ని మార్పించాను. కొన్ని ఆరు నెలల్లో డబ్బు తిరిగి ఇచ్చాయి. కొన్నిటికి చేతి చమురు వదిలింది. ఇప్పుడు ఎవరైనా "ఏం కొనమంటావు?" అని అడిగితే, ముందు మీ ఇంట్లో నీళ్లు ఎంత వేగంతో వస్తున్నాయో కొలవమంటాను. ఆ తర్వాత వంద, రెండొందల సామానుతో మొదలుపెట్టమంటాను. వేలల్లో ఖర్చయ్యేవి చివరికి.

నీళ్లనూ కరెంటునూ నేను కలిపే చూస్తాను. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వస్తాయి. రెండూ వంద కిలోమీటర్లకు పైగా దూరమే, దారంతా పంపులతో ఎత్తి తేవాల్సిందే. సంపులోకి వచ్చాక మన మోటారు వాటిని ఇంకోసారి పైకెత్తుతుంది. చలికాలంలో ఆ నీళ్లలో కొన్నిటిని గీజర్ వేడి చేస్తుంది. కాబట్టి కుళాయి దగ్గర ఒక లీటరు మిగిలితే మూడు చోట్ల కరెంటు మిగిలినట్టే.

ముందు ఒక బకెట్, ఒక ఫోను

పది లీటర్ల బకెట్ కుళాయి కింద పెట్టి, ట్యాప్ పూర్తిగా తిప్పి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి. మా ఇల్లు మూడో అంతస్తు. వంటింటి సింకు కుళాయి కింద బకెట్ నిండడానికి సరిగ్గా నిమిషం పట్టింది. అంటే నిమిషానికి పది లీటర్లు. కుతూహలం ఆగక మొదటి అంతస్తులో ఉండే స్నేహితురాలి ఇంట్లో కొలిస్తే 45 సెకన్లు. అయిదో అంతస్తులో, ట్యాంకు కిందే ఉన్న ఫ్లాట్‌లో నిమిషంన్నర. ఒకే బిల్డింగు, ఒకే ట్యాంకు, ఒకే రకం కుళాయి.

తేడా అంతా ఎత్తులోనే. ట్యాంకులో నీటి మట్టానికీ మీ కుళాయికీ మధ్య పది మీటర్ల ఎత్తుంటే సుమారు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. సొంతింట్లో డాబా మీది ట్యాంకుకూ కింద షవర్‌కూ మధ్య రెండు మూడు మీటర్లే ఉంటుంది. అంటే బార్‌లో పావు వంతు. కంపెనీలు డబ్బా మీద "నిమిషానికి 6 లీటర్లు" అని వేసే అంకెలు చాలావరకు అంతకంటే ఎక్కువ ప్రెషర్ దగ్గర కొలిచినవి. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది తప్పు సామాను కొంటారు. నేనూ కొన్నాను.

అమ్మ వాళ్లింటికి పెద్ద పళ్లెమంత వెడల్పున్న రెయిన్ షవర్ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. నీళ్లు ఆదా చేస్తుందని, వానలో తడిసినట్టు ఉంటుందని రాశారు. బిగించి తిప్పితే మధ్యలో ఉన్న నాలుగైదు రంధ్రాల్లోంచి సన్నగా కారింది, అంతే. నాన్న పాపం నా మనసు నొచ్చుకోకూడదని రెండు రోజులు దాని కిందే స్నానం చేశారు. మూడో రోజు బకెట్టు తెచ్చుకున్నారు. అది తిరిగి ఇవ్వడానికి గడువు కూడా దాటిపోయింది.

అందుకే ఒక లెక్క పెట్టుకున్నాను. పది లీటర్ల బకెట్ నిమిషం లోపు నిండితే నీళ్లు తగ్గించే సామాను కొనండి, బాగా పనికొస్తుంది. నిమిషంన్నర దాటితే కుళాయిల మీద డబ్బు పెట్టకండి, మీకు ఆదా చేసే చోటు ఇంకెక్కడో ఉంది.

ఏరేటర్: ఏ కుళాయికి, ఏ రకం

కుళాయి మూతి దగ్గర తిరిగే చిన్న జాలీ ముక్కనే ఏరేటర్ అంటారు. నీళ్లలోకి గాలి కలిపి, తక్కువ నీళ్లనే ధార నిండుగా కనిపించేలా చేస్తుంది. 2024 మార్చిలో బెంగళూరులో నీటి కరువు ముదిరినప్పుడు అక్కడి జలమండలి అపార్ట్‌మెంట్లకూ, వ్యాపార సంస్థలకూ ఏరేటర్లు తప్పనిసరి చేసింది. అక్కడున్న మా చెల్లెలు ఫోన్ చేసి చెప్పేదాకా నాకు ఆ పేరే తెలియదు. అప్పటిదాకా దాన్ని "కుళాయి జాలీ" అనేదాన్ని, శానిటరీ షాపులో కూడా అలా అడిగితేనే తీసిచ్చారు.

రెండు రకాలు దొరుకుతాయి. నురుగు ధారలా తెల్లగా పడేది ఒకటి, సన్నని జల్లులా చిమ్మేది ఇంకొకటి. వాష్‌బేసిన్‌కు జల్లు రకం చాలు. చేతులు, ముఖం కడుక్కోవడానికి నిమిషానికి రెండు మూడు లీటర్లకు మించి అక్కర్లేదు. వంటింటి సింకుకు మాత్రం ఆ రకం పెట్టకండి. పెనం మాడు, పప్పు గిన్నె అడుగు వదలాలంటే ధారకు కాస్త జోరు ఉండాలి. జల్లు రకం పెడితే పనమ్మాయి రెండింతల సేపు కుళాయి వదిలి ఉంచుతుంది, ఆదా కాస్తా అక్కడే పోతుంది. సింకుకు నురుగు రకం, నిమిషానికి ఆరు లీటర్లదో ఎనిమిది లీటర్లదో తీసుకోండి.

మా సింకుకు ఆరు లీటర్లది పెట్టాక మళ్లీ కొలిచాను. బకెట్ నిండడానికి రెండు నిమిషాలు పట్టింది, అంటే నిమిషానికి అయిదు లీటర్లు, ముందున్నదాంట్లో సగం. అంట్లు తోమడం, కూరగాయలు, బియ్యం కడగడం అన్నీ కలిపి ఆ కుళాయి రోజుకు పావుగంట తిరుగుతుందనుకుంటే రోజుకు 75 లీటర్లు. దానికి అయిన ఖర్చు రూ. 150.

బాత్రూంలో బకెట్ నింపే కుళాయికి, బిందె పట్టుకునే కుళాయికి మాత్రం ఏరేటర్ దండగ. బకెట్‌కు ఇరవై లీటర్లు కావాలంటే ఇరవై లీటర్లూ పడాల్సిందే. ఏరేటర్ పెడితే నీళ్లేమీ తగ్గవు, మనం నిలబడే సేపు పెరుగుతుంది. ధార కింద నేరుగా పని చేసుకునే కుళాయిలకే ఇది పనికొస్తుంది. మా ప్లంబర్ అయిదో అంతస్తు వాళ్లకు చెప్పిన మాట కూడా గుర్తు పెట్టుకోవాలి: "మేడం, మీకు ఇది పెడ్తే చుక్క చుక్క వస్తది, వద్దు." వ్యాపారం పోతుందని తెలిసి కూడా ఉన్నమాట చెప్పాడు.

కొనేటప్పుడు మరలు చూసుకోవాలి. కొన్ని కుళాయిల మూతికి లోపల మరలుంటాయి, వాటికి 24 మిల్లీమీటర్ల ఏరేటర్ పడుతుంది. కొన్నిటికి బయట మరలుంటాయి, వాటికి 22 మిల్లీమీటర్లది. కొలతలతో తంటా పడకుండా పాత జాలీ విప్పి జేబులో వేసుకుని షాపుకు వెళ్లడం మేలు. మూతికి మరలే లేని పాత పంపులకు ఇది బిగించలేం.

బోరు నీళ్ల ఇళ్లలో రెండు మూడు నెలలకే జాలీ మీద తెల్లటి గార కడుతుంది. విప్పి, రాత్రంతా వెనిగర్లోనో నిమ్మరసంలోనో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. కొత్తది కొనక్కర్లేదు.

షవరా, బకెట్టా

బకెట్ స్నానాన్ని మించిన పొదుపు సామాను ఏ కంపెనీ తయారు చేయలేదని నా అభిప్రాయం. ఒకటిన్నర, రెండు బకెట్లతో, అంటే ముప్పై నలభై లీటర్లతో తలస్నానమే అయిపోతుంది. మామూలు షవర్, ప్రెషర్ బాగున్న ఇంట్లో, నిమిషానికి పన్నెండు లీటర్ల పైనే పోస్తుంది. పది నిమిషాలు నిలబడితే 120 లీటర్లు, ఆరు బకెట్లు. పిల్లలు షవరే కావాలంటే నిమిషానికి ఏడెనిమిది లీటర్ల షవర్ హెడ్ పెట్టండి. సబ్బు రుద్దుకునేటప్పుడు ఆపడానికి హ్యాండిల్ మీదే బటన్ ఉన్న హ్యాండ్ షవర్ ఇంకా మంచిది. అయిదు నిమిషాల్లో ముగిస్తే అదీ బకెట్ స్నానంతో సమానమే అవుతుంది. ప్రెషర్ తక్కువున్న ఇంట్లో షవర్ మార్చి లాభం లేదు. దాని కోసం ప్రెషర్ పంపు పెట్టించుకుంటే నీళ్లూ కరెంటూ రెండూ పెరుగుతాయి.

ఫ్లష్ ట్యాంకు: అసలు నీళ్లు పోయేది ఇక్కడే

పాత ఫ్లష్ ట్యాంకు ఒకసారి నొక్కితే పది లీటర్లు, కొన్నయితే ఇంకా ఎక్కువే వదులుతాయి. నలుగురున్న ఇంట్లో రోజుకు ఇరవై సార్లు నొక్కుతారనుకోండి, 200 లీటర్లు. రెండు బటన్ల డ్యూయల్ ఫ్లష్‌లో పెద్ద బటన్‌కు ఆరు లీటర్లు, చిన్నదానికి మూడు. అదే ఇరవై సార్లలో నాలుగు పెద్దవి, పదహారు చిన్నవి అనుకుంటే 72 లీటర్లే. రోజుకు 128 లీటర్ల తేడా. ఈ అంకె విలువ తెలియాలంటే ఇంకో రెండు అంకెలు పక్కన పెట్టి చూడండి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు సరఫరా చేయాలన్నది మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం. అంటే ఒక మనిషి వాటా దాదాపు అంతా పాత ఫ్లష్ ట్యాంకే మింగేస్తోంది. ఇక హైదరాబాద్ జలమండలి 2021 జనవరిలో మొదలుపెట్టిన పథకం కింద ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం, అంటే రోజుకు 666 లీటర్లు. ఆ లోపల ఉండాలనుకునే వాళ్లు మొదట చూడాల్సింది బాత్రూంలోనే.

మూడు దారులున్నాయి.

అన్నిటికంటే చవకది: లీటరు ప్లాస్టిక్ సీసాలో నీళ్లు నింపి, మూత గట్టిగా బిగించి, ట్యాంకులో ఫ్లోటుకు అడ్డం రాకుండా ఒక మూలన నిలబెట్టడం. నొక్కినప్పుడల్లా ఒక లీటరు మిగులుతుంది. ఇటుక మాత్రం వేయకండి. నీళ్లలో నాని, రవ్వరవ్వగా రాలి, కింద వాషర్‌లో ఇరుక్కుంటుంది. ఆ తర్వాత ట్యాంకు రాత్రింబగళ్లు కారుతూనే ఉంటుంది.

రెండోది, ట్యాంకు అలాగే ఉంచి లోపలి సామాను మాత్రం డ్యూయల్ ఫ్లష్‌గా మార్చడం. వినడానికి బాగుంటుంది గానీ, కమోడ్ ఏ కాలంది అన్నదాని మీద ఉంటుంది అంతా. పది లీటర్లకు తగ్గట్టు పోసిన పాత కమోడ్‌లో ఆరు లీటర్లు వదిలితే శుభ్రం కాదు. రెండుసార్లు నొక్కాలి, పన్నెండు లీటర్లవుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. అందుకే ముందు సీసాలతో పరీక్ష చేయండి. ఒక సీసా, తర్వాత రెండు, తర్వాత మూడు. ఎన్ని సీసాల దాకా ఒక్క ఫ్లష్‌తోనే శుభ్రమవుతోందో చూస్తే మీ కమోడ్‌కు ఎన్ని లీటర్లు కావాలో తెలిసిపోతుంది.

మూడోది, కమోడ్, ట్యాంకు మొత్తం మార్చడం. ఇప్పుడు 4.5 లీటర్లు, 3 లీటర్లతో పనిచేసేవి కూడా వస్తున్నాయి. కానీ టైల్స్ పగలగొట్టి, కూలీ ఇచ్చి, వారం రోజులు ఒకే బాత్రూంతో సర్దుకోవాలి. దీని కోసమే చేయించడం గిట్టదు. బాత్రూం ఎలాగూ రిపేరు చేయిస్తున్నప్పుడు మాత్రం మరో ఆలోచన లేకుండా ఇదే చేయండి. ఇండియన్ రకం వాడే ఇళ్లలో, ఒంటికి వెళ్లినప్పుడు రెండు మగ్గుల నీళ్లతో పోయేదానికి పైనున్న ట్యాంకు తాడు లాగకుండా ఉంటే చాలు.

ఏ దారి ఎంచుకున్నా, కొనేముందు లీకు పరీక్ష చేయండి. మిఠాయిల్లో వేసే కేసరి రంగు చిటికెడు ట్యాంకులో కలిపి, అరగంట ఎవరినీ ఫ్లష్ నొక్కనివ్వకండి. తర్వాత కమోడ్‌లోకి చూడండి. మా ఇంట్లో చూస్తే తెల్లటి పింగాణీ మీద నారింజ రంగు గీత ఒకటి సన్నగా దిగుతోంది. చప్పుడు లేదు, కంటికి ఆనదు, ఎన్నాళ్లుగా కారుతోందో. వాషర్ మార్చడానికి అరవై రూపాయలయింది. ఈ పరీక్ష చేయకుండా డ్యూయల్ ఫ్లష్ కొని ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

వేణ్నీళ్లు: ఏ గీజర్ ఎవరికి

ఇక్కడ అంకెలు కాస్త ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే షాపులో చెప్పే మాటలకూ అసలు లెక్కకూ బాగా తేడా ఉంది. ఒక లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.16 వాట్ అవర్లు పడుతుంది (వెయ్యి వాట్ అవర్లయితే ఒక యూనిట్). ఇరవై లీటర్ల బకెట్‌ను ఇరవై డిగ్రీలు పెంచాలంటే అర యూనిట్‌కు కాస్త తక్కువ. గీజర్ ఏదైనా, కాయిల్‌తో వేడి చేసేదయితే ఈ అర యూనిట్ తప్పదు. "మా గీజర్ సగం కరెంటే తింటుంది" అని కాయిల్ గీజర్ గురించి ఎవరైనా అంటే నమ్మకండి. అదే షవర్ కింద ఆరు బకెట్ల వేణ్నీళ్లు పోసుకుంటే దాదాపు మూడు యూనిట్లు. అందుకే గీజర్ మార్చడం కంటే ముందు షవర్ సంగతి చూడమన్నది.

మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ మూడు కిలోవాట్లు లాగుతుంది. నీళ్లను ఇరవై డిగ్రీలు వేడెక్కిస్తూ నిమిషానికి రెండు లీటర్ల చిల్లర మాత్రమే ఇవ్వగలదు. బకెట్ నిండడానికి తొమ్మిది నిమిషాలు. ఒకరిద్దరున్న ఇంటికి, వంటింట్లో అంట్లకు ఇది చక్కగా సరిపోతుంది. నిల్వ ఉండదు కాబట్టి వేడి వృథాగా పోదు. కానీ పాత ఇళ్లలో సన్నని వైరింగ్ మీద మూడు కిలోవాట్లు పెడితే ప్లగ్గు మాడుతుంది. 16 ఆంప్‌ల ప్లగ్గు, దానికి తగ్గ వైరు ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించాకే కొనండి.

నిల్వ గీజర్ పదిహేను లీటర్లది తీసుకుంటే, 60 డిగ్రీల దగ్గర ఉన్న ఆ నీళ్లను చన్నీళ్లతో కలుపుకుంటే ఒకటిన్నర బకెట్లు వస్తాయి. వరసగా నలుగురు స్నానం చేసే ఇంటికి 25 లీటర్లది సరిపోతుంది. దీనిలో వృథా అంతా నిల్వలోనే. స్విచ్ ఆపకుండా వదిలేస్తే ట్యాంకు చల్లారుతూ, మళ్లీ వేడెక్కుతూ ఉంటుంది. స్టార్ లేబుల్ మీద స్టాండింగ్ లాస్ అని ఒక అంకె ఉంటుంది. 24 గంటల్లో వేడి నిలబెట్టడానికి ఎన్ని యూనిట్లు పోతాయో అది చెబుతుంది. రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతే ఆ అంకె తక్కువున్నది తీసుకోండి. అయితే స్నానానికి పావుగంట ముందు వేసి, అవగానే ఆపేసే అలవాటున్న ఇంట్లో మూడు స్టార్లకూ అయిదు స్టార్లకూ మధ్య తేడా పెద్దగా తెలియదు. ఆ డబ్బుతో గ్లాస్ లైనింగ్ (లోపల గాజు పూత) ట్యాంకు, లోపల మెగ్నీషియం రాడ్ ఉన్నది తీసుకోండి. బోరు నీళ్లకు ట్యాంకు తినేయకుండా కాపాడేది ఆ రాడ్డే. అదే ముందు కరుగుతుంది కాబట్టి సర్వీసింగ్‌లో దాన్ని చూపించుకోవాలి. థర్మోస్టాట్ 50 దగ్గర పెట్టుకుంటే గార కూడా తక్కువ కడుతుంది.

సోలార్ వాటర్ హీటర్ సొంతింటి వాళ్లకు నేను గట్టిగా చెప్పే సలహా. మన ఎండకు రోజుకు వంద లీటర్లది నలుగురి బకెట్ స్నానాలకు ధారాళంగా సరిపోతుంది. ముసురు పట్టిన రోజుల కోసం కరెంటు బ్యాకప్ ఉన్నది తీసుకోవాలి. గాజు గొట్టాలదా, రాగి ప్లేటుదా అన్నది మీ నీళ్లను బట్టి ఉంటుంది. ఉప్పు నీళ్లయితే రాగి ప్లేటులోని సన్నని గొట్టాలు పూడుకుపోతాయి. గాజు గొట్టాలు వెడల్పు కాబట్టి కొంత తట్టుకుంటాయి, ఏడాదికోసారి విప్పి కడగాలి. రాగి ప్లేటే కావాలంటే హీట్ ఎక్స్‌ఛేంజర్ (మన నీళ్లు ఆ సన్నని గొట్టాల్లోకి పోకుండా వేడిని మాత్రం అందించే ఏర్పాటు) ఉన్నది అడగండి. ఇంకొకటి, గాజు గొట్టాల మామూలు రకానికి చన్నీళ్ల ట్యాంకు సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. లేకపోతే దాని కోసం దిమ్మె కట్టించాలి, ఆ ఖర్చు కొటేషన్లో ఉండదు. అపార్ట్‌మెంట్లో డాబా అందరిదీ కాబట్టి అసోసియేషన్ ఒప్పుకుంటేనే. ఒప్పుకున్నా, అయిదు అంతస్తుల పైపులో ఉన్న చల్లటి నీళ్లు పోయేదాకా కుళాయి వదలాల్సి వస్తుంది. ఆ నీళ్లు బకెట్లో పట్టుకోకపోతే కరెంటు ఆదా చేసి నీళ్లు పారబోసినట్టు అవుతుంది.

హీట్ పంపు గీజర్ గాలిలోని వేడిని లాగి నీళ్లలోకి పంపుతుంది. కాబట్టి ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఖరీదెక్కువ, బయట గాలి ఆడే చోటు కావాలి. ఉమ్మడి కుటుంబాలకు, హాస్టళ్లకు గిట్టుబాటు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి, ఏడాదిలో మూడు నెలలే వేణ్నీళ్లు వాడే మన ఊళ్లలో, డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

గ్యాస్ గీజర్ గురించి ఒక్కటే మాట. అది బాత్రూం లోపల ఉండకూడదు. మూసిన గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. దానికి వాసన ఉండదు, మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు, ప్రాణాలు పోతున్నాయి. బయట బాల్కనీలో బిగించి పైపు లోపలికి తెచ్చుకునే వీలుంటేనే కొనండి. బకెట్లో పెట్టే హీటర్ రాడ్ కరెంటు లెక్కలో ఏ కాయిల్ గీజర్‌కూ తీసిపోదు. అది పెట్టే వేడంతా నీళ్లకే పోతుంది. భయమంతా షాక్ గురించే. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో వద్దు.

ఆర్‌ఓ వదిలేసే నీళ్లు

ఇంట్లో వాడే మామూలు ఆర్‌ఓ ఒక లీటరు మంచినీళ్లిచ్చి, మూడు లీటర్ల దాకా పైపులోంచి బయటికి పంపేస్తుంది. నీళ్లలో టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 500 కంటే తక్కువున్న చోట ఆర్‌ఓ అవసరం లేదని, వాటిని నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రానికి చెప్పింది. తాగునీటి ప్రమాణాల్లో కూడా 500 లోపు మంచిదనే ఉంది. రెండు మూడొందలకు టీడీఎస్ మీటరు దొరుకుతుంది, కొని చూడండి. నది నీళ్లు నేరుగా వచ్చే ఇళ్లలో చాలాచోట్ల 500 లోపే చూపిస్తుంది. అక్కడ యూవీ (అతినీల కిరణాలతో క్రిముల్ని చంపేది), యూఎఫ్ (సన్నని జల్లెడలా వడకట్టేది) ఫిల్టర్ సరిపోతుంది, ఒక్క చుక్క పారబోయదు. బోరు నీళ్లే తాగాల్సిన మాలాంటి వాళ్లకు ఆర్‌ఓ తప్పదు. మేము ఆ పైపును బకెట్లో పెట్టి, ఇల్లు తుడవడానికీ బాత్రూం కడగడానికీ వాడుతున్నాం. మొక్కలకు మాత్రం అదే రోజూ పోయకండి, ఉప్పు చేరి కరివేపాకు ఎండుతుంది. మాకలాగే ఒక కుండీ పోయింది. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లాంటి ఫ్లోరైడ్ ఉన్న చోట్ల మీటరు అంకె చూసి ఆర్‌ఓ తీసేయకండి. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పదు. నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే నిర్ణయించుకోండి.

ఫ్యాను, మోటారు, వాషింగ్ మెషీన్

పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) 30 వాట్ల దగ్గర. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. తెలంగాణలో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వచ్చే కుటుంబాలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, దాటితే మొత్తం కట్టాలి. ఎండాకాలం 220, 230 దగ్గర ఊగిసలాడే ఇంటికి రెండు ఫ్యాన్లు మారిస్తే ఆ గీత కిందికి వస్తారు. పథకం లేనివాళ్లకు కూడా 200 దాటాక యూనిట్ ధర ఒక్కసారిగా ఎక్కుతుంది కాబట్టి మిగిలేవి ఎక్కువ ధర యూనిట్లే. హాల్లో, పడగ్గదిలో ఉన్నవి మార్చండి. పూజగదిలో, అతిథుల గదిలో రోజుకు గంట తిరిగేదాన్ని అలాగే ఉండనివ్వండి. రిమోట్ పోతే అవస్థ కాబట్టి గోడ రెగ్యులేటర్‌తో కూడా పనిచేసేది దొరుకుతుందేమో అడగండి.

మోటారుకు ఆటోమేటిక్ లెవెల్ కంట్రోలర్ పెట్టించండి, ట్యాంకు నిండగానే అదే ఆపేస్తుంది. ఒక హార్స్‌పవర్ మోటారు గంట తిరిగితే యూనిట్ పైనే. ట్యాంకు నిండి డాబా మీద పొర్లితే ఆ యూనిట్టూ పోతుంది, నీళ్లూ పోతాయి. మా అసోసియేషన్‌లో ఖర్చెందుకని వాదన జరిగింది. ఒక రాత్రి వాచ్‌మన్ నిద్రపోయి, తెల్లారేసరికి సంపు ఖాళీ అయ్యాక అందరూ ఒప్పుకున్నారు.

వాషింగ్ మెషీన్ ఫ్రంట్ లోడ్ అయితే టాప్ లోడ్‌లో సగం నీళ్లతో ఉతుకుతుంది, కానీ నీళ్లు వేడిచేసే మోడ్ పెడితే కరెంటు లాగుతుంది. చన్నీళ్లతో ఉతికితే రెండు విధాలా లాభం. మెషీన్ బాగానే నడుస్తుంటే దీని కోసం మార్చొద్దు.

అద్దె ఇంట్లో ఉంటే

ఓనరు మార్చడు, మనం ఎందుకు పెట్టాలి అని ఊరుకునేవాళ్లు ఎక్కువ. మీతో పాటు తీసుకుపోయేవాటి మీదే పెట్టండి. ఏరేటర్లు, షవర్ హెడ్, బీఎల్‌డీసీ ఫ్యాన్లు విప్పుకుని వెళ్లిపోవచ్చు. పాత ముక్కలన్నీ ఒక కవర్లో వేసి, ఏది ఏ కుళాయిదో రాసి, అటక మీద పెట్టుకోండి. ఇల్లు ఖాళీ చేసే రోజు గంటలో మళ్లీ బిగించేయొచ్చు. ఫ్లష్ ట్యాంకులో సీసా పెట్టడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. గీజర్ మాత్రం సొంతంగా కొంటే నిల్వ రకం చిన్నది, 10 లీటర్లది తీసుకోండి. తర్వాతి ఇంట్లో వైరింగ్ ఎలా ఉంటుందో తెలియదు కదా, రెండు కిలోవాట్లదైతే మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ కంటే వైరు మీద భారం తక్కువ.

మా ఇంట్లో ఇప్పటికి అయినవి: రెండు ఏరేటర్లు, ఫ్లష్ వాషర్, ట్యాంకులో రెండు సీసాలు, రెండు ఫ్యాన్లు. అన్నీ కలిపి ఏడు వేల లోపే, అందులో ఆరు వేలు ఫ్యాన్లవే. ఒంగోలులో అమ్మ వాళ్లకు ఈ దసరాకు సోలార్ హీటర్ పెట్టిద్దామని అనుకుంటున్నాం. దిమ్మె ఎంత ఎత్తు కట్టాలో నాన్న ఇప్పటికే టేపుతో కొలిచి, పెన్సిల్‌తో గోడ మీద గీత గీసి పెట్టుకున్నారు.